అమ్మానాన్నలకు అమెరికా విజిటింగ్ వీసా: ఫారం, ఫీజు, స్లాట్, ఇంటర్వ్యూ

ఈ వీసాకు దరఖాస్తు చేసేది అమ్మానాన్నలే అయినా, కంప్యూటర్ ముందు కూర్చునేది దాదాపు ఎప్పుడూ పిల్లలే. అందుకే ఇదంతా ఫారం నింపే మీకోసం. వీసా పేరు బీ1/బీ2. బీ1 వ్యాపార పనులకు, బీ2 చుట్టపుచూపుకు, విహారానికి. రెండూ కలిపి ఒకే స్టాంపుగా ఇస్తారు. భారతీయులకు సాధారణంగా 10 ఏళ్ల కాలపరిమితితో, ఎన్నిసార్లయినా వెళ్లివచ్చేలా వస్తుంది.

మొదటే ఒక మాట. చాలామంది శ్రమంతా ఫైలు మీద పెడతారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆస్తి విలువ పత్రాలు, సీఏ సర్టిఫికెట్లు కలిసి రెండు కిలోల సంచీ అవుతుంది. ఇంటర్వ్యూలో ఆ సంచీ తెరవనివ్వకుండానే నిర్ణయం అయిపోవడం మామూలే. అధికారి ముందు తెర మీద ఉండేది మీరు ఆన్‌లైన్‌లో నింపిన దరఖాస్తు, అంటే డీఎస్-160 ఫారం. ఇంటర్వ్యూ నడిచేది రెండు మూడు నిమిషాలు. కాబట్టి ఫైలు మీద పెట్టే సమయంలో సగం ఆ ఫారం మీద పెట్టండి.

పాస్‌పోర్ట్‌లో పేరు చూసుకోండి

మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఎక్కువ చిక్కులు ఇంటిపేరు దగ్గరే. కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో ఉంటుంది. అలాంటి పాస్‌పోర్ట్‌తో డీఎస్-160 నింపితే, ఆ మొత్తం పేరును సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడిలో ఎఫ్ఎన్‌యూ (FNU) అనే మూడక్షరాలు వేయాలి. మొదటి పేరు తెలియదని దాని అర్థం. వీసా మీద కూడా అలాగే అచ్చవుతుంది. తప్పేమీ కాదు గానీ టికెట్ల దగ్గర, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవాలి. ప్రయాణానికి ఇంకా చాలా నెలలుంటే ముందు పాస్‌పోర్ట్‌ను ఇంటిపేరు విడిగా వచ్చేలా రీఇష్యూ చేయించుకుని, తర్వాతే వీసా పని మొదలుపెట్టడం మేలు. పదేళ్ల వీసాకు పదేళ్ల తలనొప్పి ఎందుకు?

పాస్‌పోర్ట్ గడువు మీరు అనుకుంటున్న తిరుగు ప్రయాణం తర్వాత కనీసం ఆరు నెలలు మిగిలేలా చూసుకోండి. పదో తరగతి చదవని పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర ఉంటే కంగారు పడొద్దు. గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు సంబంధించినది అది. అమెరికా చూసిరావడానికి అడ్డు కాదు.

ఫొటో

2 అంగుళాలు × 2 అంగుళాలు, అంటే 51 మిల్లీమీటర్ల చదరం. తెల్లటి నేపథ్యం, గత 6 నెలల్లో తీసినది. కళ్లజోడు తీసేయాలి, 2016 నవంబరు నుంచి ఈ నిబంధన ఉంది. అప్‌లోడ్ చేసే ఫైలు జేపెగ్‌లో, 600×600 నుంచి 1200×1200 పిక్సెల్స్ మధ్య, 240 కేబీ మించకుండా ఉండాలి. స్టూడియోలో "అమెరికా వీసా సైజు" అని చెప్పకపోతే 35×45 పాస్‌పోర్ట్ సైజు తీసిచ్చేస్తారు. దాన్ని సాగదీసి చదరం చేస్తే ముఖం వెడల్పుగా వచ్చి ఫొటో తిరస్కారానికి గురవుతుంది. ముఖం మచ్చలు తుడిచి తెల్లగా చేసే ఫిల్టర్లు వద్దని స్టూడియోవాళ్లకు గట్టిగా చెప్పండి.

డీఎస్-160: అసలు పని ఇక్కడే

ఫారం అమెరికా విదేశాంగ శాఖ సైట్‌లో ఉచితం. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల్లో "ఫారం ఫీజు" అడిగే ప్రైవేటు సైట్లుంటాయి. సైట్ పేరు చివర గవ్ (.gov) అని ఉందో లేదో చూశాకే లోపలికి వెళ్లండి. దరఖాస్తు చేసే చోటుగా ఇండియా, హైదరాబాద్ ఎంచుకోండి. ఏఏ అక్షరాలతో మొదలయ్యే దరఖాస్తు నంబరు కనిపిస్తుంది. దాన్నీ, మీరు ఎంచుకున్న రహస్య ప్రశ్న జవాబునూ రాసిపెట్టుకోండి. 20 నిమిషాలు కదలకుండా వదిలేస్తే సైట్ బయటికి తోసేస్తుంది, కాబట్టి ప్రతి పేజీ చివర సేవ్ నొక్కండి. సగంలో ఆపిన ఫారాన్ని మళ్లీ తెరవడానికి 30 రోజుల సమయం ఉంటుంది. అమ్మకొకటి, నాన్నకొకటి, వేర్వేరు ఫారాలు.

మనవాళ్లు తడబడే గడులు ఇవి.

ఇతర పేర్లు. అమ్మ పాస్‌పోర్ట్‌లో నాన్న ఇంటిపేరు ఉండి, చదువు సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు ఉంటే ఈ ప్రశ్నకు అవును అని చెప్పి పాతపేరు ఇవ్వాలి. దాచడానికేమీ లేదు, ఇవ్వకపోతేనే తేడా కనిపిస్తుంది.

సొంత లిపిలో పూర్తి పేరు. ఇక్కడ తెలుగులో టైప్ చేయవచ్చు.

పుట్టిన ఊరు. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే. తెలంగాణ ఊళ్లో పుట్టినవారి పాత పాస్‌పోర్టుల్లో ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. జిల్లాలు 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మారాయి. ఇప్పుడు మా ఊరు పల్నాడు జిల్లా కదా, జనగామ జిల్లా కదా అని సరిదిద్దబోకండి. పాస్‌పోర్టే ప్రమాణం.

పాస్‌పోర్ట్ బుక్ నంబరు. మన పాస్‌పోర్టులకు ఇది లేదు. వర్తించదు అన్న గడి టిక్ చేయండి. చివరి పేజీలో ఉండే ఫైల్ నంబరును తెచ్చి ఇక్కడ వేసేవాళ్లు చాలామంది.

క్లాన్ లేదా ట్రైబ్. ఇది కులం, గోత్రం అడిగే ప్రశ్న కాదు. వాటిని ఇక్కడ రాయకండి.

తల్లిదండ్రుల పుట్టిన తేదీలు. అంటే మీ తాతయ్యలు, నానమ్మ, అమ్మమ్మలవి. తెలియకపోతే తెలియదు అన్న గడి ఉంది. ఊహించి తేదీ వేయడం కన్నా అదే నయం.

వృత్తి. సేద్యం చేస్తుంటే అగ్రికల్చర్, ఇంటి పని చూసుకుంటే హోమ్‌మేకర్, పదవీ విరమణ చేసి ఉంటే రిటైర్డ్. నాన్న రైతు అయితే రైతనే రాయండి. ఆదాయపు పన్ను రిటర్నులు లేవని భయపడి "బిజినెస్" అని వేస్తే, ఇంటర్వ్యూలో ఏం వ్యాపారం, ఎంతమంది పనివాళ్లు, టర్నోవర్ ఎంత అనే ప్రశ్నలకు ఆయన నీళ్లు నమలాల్సి వస్తుంది. పదెకరాలు, రెండు పంటలు, కౌలుకిచ్చింది ఎంత అని అడిగితే మాత్రం ఆయన తడుముకోరు.

అమెరికాలో ఉన్న బంధువులు. కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరుంటే వాళ్లందరినీ చెప్పాలి. హోదా కూడా సరిగ్గా: పౌరులా, గ్రీన్‌కార్డా, హెచ్‌-1బీ, ఎఫ్‌-1 లాంటి తాత్కాలిక వీసానా. మీరు పౌరసత్వం తీసుకుని వాళ్ల కోసం ఐ-130 పిటిషన్ వేసి ఉంటే, వలస పిటిషన్ గురించి అడిగే ప్రశ్నకు అవును అనే చెప్పాలి. ఎప్పుడో పెదనాన్న వేసిన పిటిషన్‌లో నాన్న పేరున్నా అదే జవాబు. ఆ రికార్డు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇదివరకు వీసా తిరస్కరణ జరిగిందా అన్న ప్రశ్న కూడా అంతే.

సోషల్ మీడియా. గత 5 ఏళ్లలో వాడిన ఖాతాల పేర్లు అడుగుతారు. అమ్మ ఫోన్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. వాళ్లకు ఖాతా ఉందని వాళ్లకే గుర్తుండదు.

ఖర్చు ఎవరు భరిస్తారు. మీరే అయితే మీరే అని రాయండి. పిల్లలు టికెట్ కొంటే రిజెక్ట్ చేస్తారన్నది అపోహ.

చివర, ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని అడుగుతుంది. మీరు నింపారు కాబట్టి అవును అని మీ వివరాలు ఇవ్వండి. అమీర్‌పేటలో ఏజెంటు నింపితే ఆయన వివరాలు. సైన్ అండ్ సబ్మిట్ బటన్ మాత్రం దరఖాస్తుదారే నొక్కాలి. ముందు ప్రతి జవాబూ తెలుగులో చదివి వినిపించండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఫారంలో మూడు నెలలని ఉండి, కౌంటర్ దగ్గర అమ్మ ఆరు నెలలు అంటే, తేడాకు కారణం మీరని అధికారికి తెలియదు.

సబ్మిట్ అయ్యాక బార్‌కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్ తీయండి. ఆ తర్వాత తప్పు కనబడితే దిద్దడం కుదరదు. కొత్త ఫారం వేయాలి, కొత్త నంబరు వస్తుంది. అప్పుడు అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో కూడా ఆ నంబరు మార్చాలి. రెండు చోట్లా ఒకే నంబరు లేకపోతే ఆ రోజు లోపలికి పంపకపోవచ్చు.

ఫీజు కట్టడం

తర్వాత యూఎస్ వీసా షెడ్యూలింగ్ పోర్టల్‌లో ప్రొఫైల్ తెరవాలి. ఇది డీఎస్-160 సైట్ కాదు, వేరే. ఇందులో పేరు, పాస్‌పోర్ట్ నంబరు, డీఎస్-160 నంబరు వేసి, భార్యాభర్తలిద్దరినీ ఒకే బృందంగా చేర్చండి. డబ్బు కట్టే ముందే చేర్చాలి. ఒకరికి కట్టేశాక రెండోవాళ్లను తగిలించబోతే స్లాట్లు వేర్వేరు రోజులకు పడే ఇబ్బంది ఉంటుంది.

దరఖాస్తు రుసుము ఒక్కొక్కరికి 185 డాలర్లు. 2023 జూన్ 17 నుంచి ఇదే లెక్క. ఇద్దరికి 370. కట్టేది రూపాయల్లో, కాన్సులేట్ తాను నిర్ణయించుకున్న మారకపు రేటుతో. గూగుల్‌లో కనిపించే రేటుతో గుణించి చూస్తే తేడా వస్తుంది, అది మోసం కాదు. పోర్టల్ తెర మీద చూపించిన మొత్తమే కట్టాలి. బ్యాంకు బదిలీ పద్ధతి ఎంచుకుంటే తెర మీద వచ్చిన ఖాతా నంబరును కాపీ చేసి పేస్ట్ చేయండి. మొత్తాన్ని రౌండ్ చేసి పంపకండి. సొమ్ము జమ అయినట్టు ప్రొఫైల్‌లో కనిపించడానికి సమయం పట్టవచ్చు, ఆ కంగారులో రెండోసారి కట్టకండి.

ఈ డబ్బు వీసాకు కాదు, దరఖాస్తు పరిశీలనకు. రిజెక్ట్ అయినా వెనక్కి రాదు, వేరేవాళ్ల పేరుకు మారదు. కట్టిన రోజు నుంచి 365 రోజుల్లోపు స్లాట్ బుక్ చేసుకోవాలి, లేకపోతే రసీదు చెల్లదు. కాబట్టి వచ్చే ఏడాది చివర్లో ప్రయాణమైతే ఇవాళే కట్టి కూర్చోవడంలో అర్థం లేదు. అలాగని నెల ముందు కట్టి స్లాట్ దొరకాలనుకోవడమూ కుదరదు. ఫీజు కట్టే ముందు విదేశాంగ శాఖ సైట్‌లో హైదరాబాద్‌కు ఎన్ని నెలల నిరీక్షణ ఉందో చూసుకోండి.

దీనికి తోడు 2025 జూలైలో వచ్చిన చట్టంలో 250 డాలర్ల వీసా ఇంటెగ్రిటీ ఫీజు అని మరొకటి ఉంది. అది దరఖాస్తుకు కాదు, వీసా జారీ అయ్యేటప్పుడు వసూలు చేయాలని చట్టం చెబుతుంది. మీరు దరఖాస్తు చేసే నాటికి దాని సంగతి ఏమైందో కాన్సులేట్ సైట్‌లోనే చూడండి. వాట్సాప్‌లో తిరిగే లెక్కలు నమ్మి ఏజెంటుకు ముందుగా కట్టకండి.

స్లాట్

రెండు అపాయింట్‌మెంట్లు తీసుకోవాలి. మొదటిది వేలిముద్రలు, ఫొటో కోసం వీసా దరఖాస్తు కేంద్రంలో. దాన్నే అందరూ బయోమెట్రిక్ అంటారు. రెండోది కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. బయోమెట్రిక్ ముందురోజైనా అయిపోవాలి. దూరం నుంచి వచ్చే పెద్దవాళ్లకు వరుస రోజుల్లో పెడితే ఒక్క ప్రయాణంతో పని అయిపోతుంది. హైదరాబాద్‌లో దొరకకపోతే చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో కూడా తీసుకోవచ్చు.

తేదీ మార్చుకునే విషయంలో జాగ్రత్త. 2025 జనవరి 1 నుంచి ఉచితంగా ఒక్కసారే మార్చుకోవచ్చు. రెండోసారి మార్చాలన్నా, వెళ్లకుండా మానేసినా మళ్లీ 185 డాలర్లు కట్టాల్సిందే. ముందుగా దొరికిన దూరపు తేదీ తీసుకుని, దగ్గరి తేదీ కోసం రోజూ చూస్తూ, నిజంగా వెళ్లగలిగే తేదీ దొరికినప్పుడే ఆ ఒక్క అవకాశం వాడుకోండి. వారం ముందుకు జరిపినందుకు సంబరపడి దాన్ని ఖర్చు చేయకండి.

స్లాట్ ఇప్పిస్తామనే ఏజెంట్లు మీ ప్రొఫైల్ పాస్‌వర్డ్ అడుగుతారు. ఇవ్వకండి. బాట్లతో, అంటే మనిషి బదులు పనిచేసే ప్రోగ్రాములతో, బుక్ చేసిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను 2025 మార్చిలో అమెరికా ఎంబసీ రద్దు చేసింది.

అమ్మాయి పురుడు దగ్గరపడుతోంది, అత్యవసర స్లాట్ అడగొచ్చా? కుదరదు. గర్భిణికి తోడుగా వెళ్లడం, పెళ్లి, కాన్వొకేషన్ ఈ మూడూ అత్యవసరం కిందికి రావని నిబంధనల్లోనే ఉంది. దగ్గరి బంధువు మరణం, ప్రాణాల మీదికి వచ్చిన జబ్బు లాంటివైతే ముందు మామూలు స్లాట్ తీసుకుని, ఆ తర్వాత అభ్యర్థన పెట్టాలి. పురిటికి వెళ్లాలనుకునేవాళ్లు నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజే ఫారం కూడా మొదలుపెట్టాలి.

పాత వీసా ఉన్నవాళ్లకు డ్రాప్‌బాక్స్ సంగతి, అంటే ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చి వీసా పునరుద్ధరించుకునే పద్ధతి, మారింది. పదేళ్ల బీ1/బీ2 గడువు తీరి 12 నెలలు దాటకుండా, ఆ వీసా వచ్చినప్పటికి 18 ఏళ్లు నిండి ఉంటేనే ఇంటర్వ్యూ లేకుండా పునరుద్ధరణకు వీలుంది. అయినా పిలవాలనుకుంటే పిలుస్తారు. 80 ఏళ్ల పెద్దవాళ్లకు ఇంటర్వ్యూ అక్కర్లేదన్న పాత వెసులుబాటు 2025 సెప్టెంబరు 2తో పోయింది.

బయోమెట్రిక్, ఇంటర్వ్యూ రోజులు

హైదరాబాద్‌లో ఈ రెండూ వేర్వేరు చోట్ల. బయోమెట్రిక్ హైటెక్ సిటీ వైపు మెట్రో స్టేషన్‌లో ఉన్న కేంద్రంలో, ఇంటర్వ్యూ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో తెరిచిన కొత్త కాన్సులేట్‌లో. బేగంపేట పైగా ప్యాలెస్ ఇప్పుడు కాన్సులేట్ కాదు, ఆటోవాళ్లు కొందరు ఇంకా అక్కడికే తీసుకెళ్తారు. అపాయింట్‌మెంట్ కాగితం మీది చిరునామానే చూపించండి.

పొలం పని, గిన్నెల పని చేసిన చేతుల్లో వేలిముద్రలు అరిగి ఉంటాయి. రెండు మూడుసార్లు తీయాల్సి వస్తే పెద్దవాళ్లు బెదిరిపోతారు, అది మామూలేనని ముందే చెప్పండి. వేలి కొసన కోసుకున్న గాయం ఉంటే మానే వరకు ఆగాల్సి రావచ్చు.

కాన్సులేట్ లోపలికి ఫోను, స్మార్ట్ వాచ్, ల్యాప్‌టాప్, బ్యాగు ఏదీ పనికిరాదు. దాచిపెట్టే ఏర్పాటూ వాళ్లు చేయరు. తోడుగా వచ్చినవాళ్లు బయట ఎక్కడ నిలబడాలో ముందే అనుకోండి, ఎందుకంటే బయటికొచ్చాక ఫోన్ చేయడానికి వాళ్ల చేతిలో ఫోను ఉండదు. చేతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ ఫోల్డర్ చాలు. అందులో:

- ప్రస్తుత పాస్‌పోర్ట్, పాతవి ఉంటే అవీ
- డీఎస్-160 కన్ఫర్మేషన్, అపాయింట్‌మెంట్ కాగితం, ఒక ఫొటో
- మీ పాస్‌పోర్ట్, వీసా లేదా గ్రీన్‌కార్డు నకలు. హెచ్‌-1బీ అయితే ఐ-797 ఆమోద పత్రం, ఇటీవలి మూడు పే స్లిప్పులు
- పట్టాదారు పాస్‌పుస్తకం, పెన్షన్ పత్రం, అద్దె ఆదాయం, డిపాజిట్లు, ఏది నిజంగా ఉంటే అది

ఆహ్వాన లేఖ తప్పనిసరి కాదు. నోటరీ చేయించి, ఖర్చు భరిస్తామనే ఐ-134 హామీ పత్రం జత చేసి కొరియర్‌లో పంపే హడావుడి చాలావరకు వృథా. ఇక లేని డబ్బును వారం రోజులకు ఖాతాలో వేయించి స్టేట్‌మెంట్ తీయించడం, దొంగ సర్టిఫికెట్ కొనడం జోలికి మాత్రం పోవద్దు. మోసం అని తేలితే పడేది ఒక తిరస్కరణ కాదు, శాశ్వత అనర్హత.

భాష తెలుగు ఎంచుకోమనండి. బట్టీ పట్టిన ఇంగ్లిష్‌లో "పర్పస్ ఆఫ్ విజిట్" అని మొదలుపెట్టి మూడో ప్రశ్నకు ఆగిపోయే నాన్నకన్నా, తెలుగులో నిలకడగా మాట్లాడే నాన్నే మేలు. అడిగేవి చిన్న ప్రశ్నలే: ఎందుకు వెళ్తున్నారు, అబ్బాయి ఏ ఊళ్లో ఉంటాడు, ఏ కంపెనీ, ఎంత జీతం, ఎన్నాళ్లుంటారు, మీరేం చేస్తారు, మిగతా పిల్లలు ఎక్కడ, ఇదివరకు ఏ దేశమైనా వెళ్లారా. అడిగినదానికి ఒక్క వాక్యం చాలు.

చట్టం ప్రకారం ఈ వీసా అడిగే ప్రతివాళ్లూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టే లెక్క, కాదని వాళ్లే నమ్మకం కలిగించాలి. అది 214(బీ) సెక్షన్. అందుకే "ఎన్నాళ్లు" అన్న ప్రశ్నకు వెనక కారణం ఉండాలి. "ఆరు నెలలు" అని ఊరుకోవడం కన్నా, "ఏప్రిల్‌లో వెళ్లి జూన్‌లో తొలకరికి వచ్చేస్తాం, పొలం ఉంది" అన్నది నిజమైతే, అదే బలమైన జవాబు. పురిటికి వెళ్తుంటే "అమ్మాయికి కాన్పు, దగ్గర ఉండి చూసి వస్తాం" అని దాపరికం లేకుండా చెప్పవచ్చు. "అమ్మాయి ఉద్యోగానికి వెళ్లాలి, పిల్లను మేమే చూసుకోవాలి, డేకేర్ ఖర్చు ఎక్కువ" అంటే మాత్రం, చూసిరావడానికి కాక ఆయా పనికి వెళ్తున్నట్టు వినిపిస్తుంది.

ఫలితం అక్కడే చెప్పేస్తారు. పాస్‌పోర్ట్ ఉంచుకుంటే సాధారణంగా వీసా మంజూరైనట్టే. 214(బీ) కాగితంతో పాస్‌పోర్ట్ వెనక్కిస్తే తిరస్కరణ. మళ్లీ ఎప్పుడైనా దరఖాస్తు చేయవచ్చు, ఫీజు మళ్లీ కట్టాలి, కానీ పరిస్థితుల్లో ఏ మార్పూ లేకుండా మరునాడే వేస్తే జవాబు మారడం కష్టం. 221(జీ) కాగితం ఇస్తే ఇంకా పరిశీలన ఉందని, లేదా ఏదో పత్రం కావాలని అర్థం. దాని మీద రాసినదే చేయండి, అడగనివి పంపకండి.

పాస్‌పోర్ట్ చేతికొచ్చాక

కేంద్రానికి వెళ్లి తెచ్చుకుంటే ఖర్చు లేదు, ఇంటికి తెప్పించుకుంటే విడిగా రుసుము. రాగానే వీసా మీద పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు అక్షరం అక్షరం సరిచూడండి. అప్పటిదాకా వెనక్కి డబ్బురాని టికెట్లు కొనకండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ వీసాకు అవసరం లేదు, కానీ అక్కడి ఆసుపత్రి బిల్లుల సంగతి తెలిసినవాళ్లెవరూ అది లేకుండా పంపరు. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో పాలసీలో చదివి తీసుకోండి.

వీసా పదేళ్లున్నా, అక్కడ ఎన్నాళ్లుండాలో నిర్ణయించేది విమానాశ్రయంలో సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం) అధికారి. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఎప్పటిలోపు వెనక్కి రావాలన్న తేదీ ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉంటుంది. దిగిన రెండు మూడు రోజుల్లో సీబీపీ సైట్‌లో తీసి ప్రింట్ పెట్టుకోండి, పేరులో తప్పుంటే అప్పుడే దిద్దించండి. ఆ తేదీ దాటి ఒక్కరోజున్నా పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు దాటి ఉండిపోయి వెనక్కి వస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. జబ్బు చేసో, మరో కారణం వల్లో ఆగాల్సి వస్తే ఐ-94 తేదీ రాకముందే గడువు పొడిగింపు కోరే ఐ-539 దరఖాస్తు వేయాలి.